సిగ్నల్ గేటు దాకా వస్తోంది, గదిలోకి రావడం లేదు: మీ ఇంటికి ఏ ఏర్పాటు నప్పుతుంది?

మా ఇల్లు గుంటూరులో. కింద ఒక వాటా, పైన ఒక వాటా. కింద వెనక గదిలో మామయ్యగారు ఉంటారు. ఆయన ఫోను మోగిందంటే ఇంట్లో అందరం ఉలిక్కిపడేవాళ్లం. ఎనభై రెండేళ్ల మనిషి, "వినపడటం లేదు, ఉండు, బయటికి వస్తున్నాను" అంటూ గడప దాటి వాకిట్లోకి నడిచేవారు. కిందటి వానాకాలం రాత్రి పూట అలాగే వెళ్లి తడి మెట్టు మీద కాలు జారారు. దెబ్బ పెద్దది కాలేదు. కానీ ఒక ఫోను మాట్లాడటానికి పెద్దాయన వానలోకి నడవాల్సి రావడం నాకు చాలా కష్టంగా అనిపించింది. దీని సంగతి తేల్చాలని ఆ రాత్రే అనుకున్నాను.

అడిగిన ప్రతివారూ ఒక వస్తువు పేరు చెప్పారు. ఒకరు సిమ్ మార్చమన్నారు, ఒకరు బూస్టర్ కొనమన్నారు, ఒకరు వైఫై ఎక్స్‌టెండర్ చాలన్నారు. జబ్బేమిటో చూడకుండా మందు పేరు చెప్పడం లాంటిది ఇది. సిగ్నల్ అసలు ఇంటిదాకా రావడం లేదా, లేక ఇంటిదాకా వచ్చి లోపల చచ్చిపోతోందా? ఇవి రెండు వేరు వేరు జబ్బులు. ఒకదానికి పనిచేసే మందు రెండోదానికి పనిచేయదు. మొబైల్, వైఫై, టీవీ డిష్, రేడియో, దేనికైనా ముందు తేల్చుకోవలసింది ఇదే. ఇంకొక మాట కూడా ఇప్పుడే చెబుతాను, ఎందుకంటే కింద రాసిన సలహాలన్నీ చివరికి దాని దగ్గరికే వస్తాయి: తీగ లేని సిగ్నల్ ఇంట్లో బాగా అందాలంటే చాలా ఇళ్లలో ముందుగా చేయవలసిన పని ఒక తీగ లాగడం.

ముందు కొలవండి

ఫోను పైభాగాన కనిపించే గీతలను నమ్మవద్దు. ఒక ఫోనులో మూడు గీతలుగా కనిపించే సిగ్నల్ ఇంకో ఫోనులో రెండు గీతలే కావచ్చు. ఎన్ని గీతలు చూపించాలో ప్రతి తయారీదారూ తన లెక్క ప్రకారం నిర్ణయించుకుంటాడు. నమ్మదగినది డీబీఎం అనే అంకె. ఆండ్రాయిడ్ ఫోనులో సెట్టింగ్స్ తెరిచి, అబౌట్ ఫోన్ అనే చోట సిమ్ స్టేటస్‌లోకి వెళితే సిగ్నల్ స్ట్రెంగ్త్ పక్కన ఆ అంకె ఉంటుంది. కొన్ని ఫోనుల్లో అది ఒకటి రెండు పేజీలు లోపలికి ఉంటుంది, ఓపికగా వెతకండి. అంకె ఎప్పుడూ మైనస్‌లోనే ఉంటుంది. సున్నాకు ఎంత దగ్గరగా ఉంటే సిగ్నల్ అంత బలంగా ఉన్నట్టు. 4జీలో మైనస్ 85 అంటే నిశ్చింతగా మాట్లాడుకోవచ్చు. మైనస్ 100 దాటితే ఇబ్బంది మొదలవుతుంది. మైనస్ 110 దగ్గర మాట తెగుతుంది. మైనస్ 120 వచ్చిందంటే ఫోను చేతిలో ఉన్నా లేనట్టే.

ఈ అంకెల్లో తేడా పైకి చిన్నదిగా కనిపిస్తుంది. నిజానికి పది అంకెలు తగ్గితే అందే శక్తి పదో వంతుకు పడిపోతుంది, ఇరవై తగ్గితే నూరో వంతుకు. ఒక ఆదివారం పొద్దున కాగితం, పెన్ను పట్టుకుని ఇల్లంతా తిరిగాను. ఒక్కో చోట అర నిమిషం ఆగి అంకె కుదురుకున్నాక రాసుకున్నాను. గేటు దగ్గర మైనస్ 88. హాల్లో మైనస్ 97. వంటింట్లో మైనస్ 104. మామయ్యగారి మంచం దగ్గర మైనస్ 117. గేటుకూ మంచానికీ మధ్య 29 అంకెల తేడా. అంటే గేటు దగ్గర ఉన్న శక్తిలో దాదాపు ఎనిమిది వందల వంతుల్లో ఒక వంతు మాత్రమే ఆయన మంచం దాకా చేరుతోంది. టవర్ తప్పు లేదు, సిమ్ తప్పు అసలే లేదు. మా గోడలే మింగేస్తున్నాయి.

మీరూ ఇలాగే మేడ మీద ఒకసారి, వీధిలో ఒకసారి, ఇబ్బంది ఉన్న గదిలో ఒకసారి కొలవండి. మేడ మీదే మైనస్ 110 వస్తే సిగ్నల్ మీ ఇంటిదాకా రావడం లేదని అర్థం. మేడ మీద 85, గదిలో 115 వస్తే అది ఇంటిలోపలి సమస్య. కొలిచినంతసేపూ ఒకే ఫోను, ఒకే సిమ్ వాడండి. ఫోను 4జీకీ 5జీకీ మధ్య మారుతూ ఉంటే అంకెలు కలగాపులగమవుతాయి. అందుకని సెట్టింగ్స్‌లో 4జీకి ఖాయం చేసి కొలవడం మంచిది.

మన గోడలు ఏం చేస్తాయి

మా అమ్మమ్మగారి పెంకుటింట్లో ఏ మూల కూర్చున్నా ఫోను మాట్లాడవచ్చు. ఊళ్లో టవర్ దూరమే, అయినా మాట్లాడవచ్చు. మట్టి పెంకు, టేకు దూలం, వెదురు వాసం రేడియో తరంగాలను పెద్దగా అడ్డుకోవు. మా ఇల్లు అలా కాదు. శ్లాబులో ఇనుప చువ్వల వల, తొమ్మిదంగుళాల ఇటుక గోడలు, కిటికీలకు ఇనుప గ్రిల్లు, నడవాలో నిలువెత్తు అద్దం, మామయ్యగారి గదిలో టవర్ వైపు గోడకు ఆనించిన ఇనుప బీరువా. ఇనుము తరంగాన్ని తిప్పికొడుతుంది, నీళ్లు పీల్చుకుంటాయి. అద్దం వెనక పూసే లోహపు పూత కూడా రేకులాగానే అడ్డుపడుతుంది. వానలో నానిన గోడ పొడి గోడ కంటే ఎక్కువ సిగ్నల్‌ను తినేస్తుంది. రేకుల ఇళ్లలో సిగ్నల్ పైనుంచి రాదు, కిటికీల గుండా మాత్రమే వస్తుంది. ఫోనును కిటికీ పక్కకు మార్చడం అక్కడ నిజమైన పరిష్కారం.

తరంగపు ఫ్రీక్వెన్సీ ఎంత తక్కువైతే అది గోడల గుండా అంత తేలికగా దూరుతుంది. మన దేశంలో 4జీకి వాడే 850, 900 మెగాహెర్ట్జ్ తరంగాలు గోడను కొంతైనా దాటుకుని వస్తాయి. 5జీకి ఎక్కువగా వాడే 3300 మెగాహెర్ట్జ్ తరంగం రెండు గోడలు దాటేసరికి నీరసించిపోతుంది. 2022 వేలంలో 700 మెగాహెర్ట్జ్ తరంగాలను జియో తీసుకుంది. దాని 5జీ కొన్ని ఇళ్లలో లోపలిదాకా రావడానికి ఇదొక కారణం. లోపలి గదిలో 5జీ గుర్తు వస్తూ పోతూ ఉంటే, మాటలు ఆగి ఆగి వినిపిస్తుంటే, ఆ ఫోనును 4జీకే ఉంచేయండి. ఖర్చు లేని వైద్యం ఇది. చాలామందికి ఇంతటితోనే తీరిపోతుంది.

మొబైల్ కోసం నాలుగు దారులు

మొదటిది, నెట్‌వర్క్ మార్చడం. ఒక కంపెనీ సిగ్నల్ బయటే బలహీనంగా ఉండి, ఇంకో కంపెనీది బలంగా ఉన్నప్పుడే దీనివల్ల ప్రయోజనం. పోర్ట్ చేయకముందు ఇంటికి వచ్చిన బంధువుల ఫోనుతోనో, పక్కింటివారి ఫోనుతోనో అదే గదిలో అంకె చూడండి. కంపెనీలు తమ వెబ్‌సైట్లలో కవరేజీ పటాలు పెడుతున్నాయి గానీ, మీ పడకగది గోడ సంగతి ఆ పటానికి తెలియదు. పోర్ట్ చేయాలనుకుంటే ఆ నంబరు నుంచి 'పోర్ట్' అనే ఇంగ్లిషు మాట, ఖాళీ, పది అంకెల నంబరు టైప్ చేసి 1900కు ఎస్ఎంఎస్ పంపాలి. ఎనిమిది అక్షరాల కోడ్ వస్తుంది, దానితో కొత్త కంపెనీ దగ్గరికి వెళ్లాలి. ఇప్పుడున్న నెట్‌వర్క్‌లో చేరి 90 రోజులు నిండి ఉండాలి. టెలికాం లెక్కలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇప్పటికీ ఒకే సర్కిల్ కాబట్టి హైదరాబాదులో తీసుకున్న నంబరును విజయవాడలో మార్చుకోవడం కూడా సర్కిల్ లోపలి పనే.

రెండోది, వైఫై కాలింగ్. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉన్నవారికి నేను చెప్పే మొదటి సలహా ఇదే. మాట టవర్ నుంచి రాకుండా మీ వైఫై మీదుగా వస్తుంది. నంబరు అదే, డయల్ చేసే పద్ధతి అదే, అదనపు రుసుము లేదు. మన దేశంలో ఎయిర్‌టెల్ 2019 చివర, జియో 2020 మొదట్లో దీన్ని మొదలుపెట్టాయి. సిమ్ సెట్టింగ్స్‌లో వైఫై కాలింగ్ అనే మీట ఉంటుంది. మామయ్యగారి ఫోనులో అది మొదటినుంచీ ఉంది, ఎవరమూ తెరిచి చూడలేదు. మీట వేశాక కూడా కొన్ని ఫోనులు బలహీనమైన టవర్ సిగ్నల్‌నే పట్టుకుని వేలాడుతుంటాయి. అలాంటప్పుడు కాలింగ్ ప్రిఫరెన్స్‌లో వైఫైకి ప్రాధాన్యం ఇవ్వాలి. ఆ అవకాశం లేని ఫోనుల్లో ఏరోప్లేన్ మోడ్ వేసి, తర్వాత వైఫై ఒక్కటే తిరిగి వేస్తే సరిపోతుంది. ఒక్కటి గుర్తుంచుకోండి: కరెంటు పోతే రౌటర్ ఆగిపోతుంది, దానితో మాట కూడా ఆగిపోతుంది. వృద్ధులు ఉన్న ఇంట్లో రౌటర్‌కు చిన్న యూపీఎస్ పెట్టడం ఆడంబరం కాదు, అవసరం.

మూడోది బూస్టర్. వద్దు. ఇది మరీ గట్టిగా చెబుతున్నాను. టెలికాం శాఖ అనుమతి లేకుండా ఇళ్లలో మొబైల్ బూస్టర్ పెట్టుకోవడం, అమ్మడం మన దేశంలో చట్టవిరుద్ధం. ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు కదా అంటే, అమ్మకానికి కనిపించినంత మాత్రాన అది చట్టబద్ధం కాదు. చట్టం మాట పక్కన పెట్టినా, ఆ పెట్టె లోపలికి వచ్చే సిగ్నల్‌తో పాటు బయటికి, టవర్ వైపుకి కూడా గోలను పెంచి పంపుతుంది. మీ గదిలో గీతలు పెరుగుతాయి, వీధిలో పదిమందికి కాల్స్ తెగుతాయి. ఆ పదిమందిలో అంబులెన్సు కోసం ఫోను చేస్తున్నవారు ఒకరు ఉండవచ్చు.

నాలుగోది, ఇంటి బయట యాంటెనా ఉన్న ఇంటర్నెట్. పొలం మధ్య ఇల్లు, ఫైబర్ రాని ఊరు, కొండ పక్క తండా లాంటి చోట్ల ఇదే సరైన దారి. కంపెనీలే ఇచ్చే ఎయిర్‌ఫైబర్‌లో యాంటెనా పెట్టె మేడ మీదో, గోడ బయటో ఉంటుంది. అది టవర్ నుంచి సిగ్నల్ తీసుకుని తీగ ద్వారా లోపలి రౌటర్‌కు అందిస్తుంది. గోడలను తరంగం దాటనవసరం లేదు, తీగ దాటుతుంది. ఎయిర్‌ఫైబర్ లేని చోట సిమ్ వేసుకునే 4జీ రౌటర్‌లో బయటి యాంటెనా తగిలించుకునే రకం తీసుకోవచ్చు. కొనేముందు రౌటర్ వెనక యాంటెనా బిగించే మరలు ఉన్నాయో లేదో చూడండి, అన్నింటికీ ఉండవు. యాంటెనాకూ రౌటర్‌కూ మధ్య ఉండే తీగ పొడవైనకొద్దీ సిగ్నల్ కరిగిపోతుంది. ఆ తీగను పొట్టిగా ఉంచి, రౌటర్ నుంచి లోపలికి వెళ్లే నెట్‌వర్క్ తీగను పొడవుగా పెట్టుకోవాలి. ఈ పద్ధతిలో ఇంట్లో వైఫై వచ్చేస్తుంది కాబట్టి, పైన చెప్పిన వైఫై కాలింగ్‌తో ఫోను మాట కూడా కుదురుతుంది.

ఫైబర్ అందే చోట మాత్రం ఎయిర్‌ఫైబర్ కంటే ఫైబరే మేలు. వాన, టవర్ మీద రద్దీ, ఎదురుగా లేచిన కొత్త అపార్టుమెంటు, ఇవేవీ దాన్ని తాకవు.

వైఫై: ఎక్స్‌టెండరా, మెష్షా, తీగా?

ఫైబర్ వేయడానికి వచ్చిన కుర్రాడు మా ఇంట్లో, "అమ్మగారూ, రౌటర్ ఎక్కడ పెట్టమంటారు?" అని అడిగాడు. "టీవీ దగ్గర పెట్టు నాయనా, అక్కడే ప్లగ్గు ఉంది" అన్నారు అత్తయ్యగారు. అలా అది హాల్లో వీధి వైపు మూలన, టీవీ వెనక చెక్క అరలోకి వెళ్లింది. సగం సిగ్నల్ వీధిలోకి, మిగిలినదానిలో సగం టీవీ వెనక లోహపు పలకకు. ఇది ఏ ఒక్క ఇంటి కథో కాదు, మా బంధువుల ఇళ్లలో సగం రౌటర్లు టీవీ వెనకే ఉన్నాయి. ఫైబర్ వేసే రోజే అడగండి: "ఇంకో పది మీటర్లు తీగ ఇచ్చి, నడవాలో, తలెత్తున పెట్టు బాబూ." ఆ రోజు అడిగితే పది నిమిషాల పని. తర్వాత అయితే తీగ మళ్లీ అతకాలి. ఇంటి నడిమధ్య, మనిషి ఎత్తుకు కాస్త పైన, బీరువాకూ ఫ్రిజ్‌కూ అద్దానికీ దూరంగా. వాస్తు పుస్తకం బ్రహ్మస్థానం ఖాళీగా ఉంచమంటుంది కదా, ఆ ఖాళీ పక్కనున్న గోడ రౌటర్‌కు మంచి చోటు.

రౌటర్ ఇచ్చే రెండు బాండ్లలో 2.4 గిగాహెర్ట్జ్ దూరం పోతుంది, గోడ దాటుతుంది, వేగం తక్కువ. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది, ఒక గోడ దాటేసరికి అలసిపోతుంది. హాల్లో టీవీకి, ల్యాప్‌టాప్‌కు 5, వెనక గది ఫోనుకు 2.4. అపార్టుమెంట్లలో 2.4 బాండు సంతలా ఉంటుంది. పక్క ఫ్లాట్ల వైఫైలు, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ అక్కడే. అందులో ఒకదాని మీద ఒకటి పడని చానెళ్లు మూడే: 1, 6, 11. ఈ మూడింటిలో మీ ఫ్లాటు దగ్గర ఏది ఖాళీగా ఉందో వైఫై అనలైజర్ తరహా ఆప్‌తో చూసి, దానికి మార్చుకోండి. ఓవెన్ తిరుగుతున్నప్పుడు మాత్రమే వీడియో ఆగుతోందంటే రౌటర్‌ను నిందించనక్కరలేదు, వీడియో చూసే ఫోనునో టీవీనో 5 గిగాహెర్ట్జ్‌కు మార్చండి.

ఇవన్నీ చేశాక కూడా వెనక గదికి అందకపోతేనే కొత్తది కొనే మాట.

ఎక్స్‌టెండర్, అంటే రౌటర్ వైఫైని అందుకుని ముందుకు పంపే పెట్టె, చవక. కానీ చవక రకాల్లో ఎక్కువ భాగం ఒకే చానెల్ మీద విని, అదే చానెల్ మీద తిరిగి చెబుతాయి. ఒక నోటితో వినడం, చెప్పడం రెండూ చేయాలి కాబట్టి వేగం సగానికి పడిపోతుంది. జనం చేసే రెండో పొరపాటు దాన్ని సిగ్నల్ లేని గదిలోనే పెట్టడం. అక్కడ దానికీ వినపడదు. రౌటర్‌కూ ఆ గదికీ మధ్య, ఇంకా సిగ్నల్ బాగానే ఉన్న చోట పెట్టాలి. వెనక గదిలో వాట్సాప్, వైఫై కాలింగ్ చాలు, వీడియోలు అక్కరలేదు అనుకునేవారికి ఎక్స్‌టెండర్ సరిపోతుంది. అద్దె ఇంట్లో ఉన్నవారికి కూడా ఇదే నయం, గోడకు మేకు కొట్టనక్కరలేదు.

మెష్ అంటే రెండు మూడు పెట్టెలు ఒకే పేరుతో ఇల్లంతా పరుచుకోవడం. నడుస్తూ మాట్లాడుతుంటే ఒక పెట్టె నుంచి ఇంకోదానికి ఫోను సాఫీగా మారుతుంది. ఒకే అంతస్తులో, పలచటి గోడల మధ్య మెష్ చక్కగా పనిచేస్తుంది. ఎటొచ్చీ మధ్యలో శ్లాబు ఉంటే, పై పెట్టె కింది పెట్టెతో మాట్లాడవలసింది ఆ ఇనుప వల గుండానే. వేలు పోసి మెష్ కొన్నాక పై వాటాలో వేగం రావడం లేదని బాధపడే ఇళ్లను నేను చూశాను. మెష్ కొనేవారు ఆ పెట్టెలను తీగతో కలుపుకునే అవకాశం ఉన్న రకమే కొనాలి.

ఇక తీగ. క్యాట్ 6 అనే రకం నెట్‌వర్క్ తీగ వంద మీటర్ల వరకు వేగం తగ్గకుండా తీసుకుపోతుంది. దాని రెండో చివర ఒక యాక్సెస్ పాయింట్, అంటే తీగలో వచ్చే నెట్‌ను వైఫైగా ఇచ్చే పెట్టె, పెడితే, ఆ గదిలో కొత్త రౌటర్ పెట్టినట్టే. మేము చేసింది ఇదే. కొత్త పెట్టె కూడా కొనలేదు. అటక మీద ఉన్న పాత రౌటర్ దింపి, అందులో డీహెచ్‌సీపీని, అంటే పరికరాలకు నెట్‌వర్క్ చిరునామాలు పంచే పనిని, ఆపి, దాని చిరునామా మొదటి రౌటర్‌తో తగువు పడకుండా మార్చి, తీగను ఇంటర్నెట్ రంధ్రంలో కాకుండా ల్యాన్ రంధ్రంలో గుచ్చాం. పేరు, పాస్‌వర్డ్ రెండింటికీ ఒకటే పెట్టాం. మామయ్యగారి మంచం దగ్గర అంతకుముందు వైఫై మైనస్ 81. ఇప్పుడు మైనస్ 48. వైఫైలో మైనస్ 67 కంటే మెరుగ్గా ఉంటే మాట తెగదు.

తీగ అనగానే గోడలు పగలగొట్టాలని భయపడతారు. మీ ఇల్లు కేబుల్ టీవీ రోజుల్లో కట్టినదైతే, మేడ మీది నుంచి హాల్లోకి, బహుశా పడకగదిలోకి కూడా గోడలో ఒక కేబుల్ పైపు ఉండి ఉంటుంది. ఇప్పుడు అది ఖాళీ. పాత కేబుల్ చివర కొత్త తీగను గట్టిగా కట్టి, పై నుంచి ఒకరు లాగుతుంటే కింద ఒకరు అందిస్తే పాతది బయటికి, కొత్తది లోపలికి వచ్చేస్తుంది. మాకు ఇద్దరికి గంట పట్టింది. కరెంటు తీగలున్న పైపులో మాత్రం దీన్ని ఎప్పుడూ దూర్చవద్దు, ప్రాణానికే ప్రమాదం. కొనేటప్పుడు స్వచ్ఛమైన రాగి తీగ అడగండి. అల్యూమినియం మీద రాగి పూత పూసిన తీగలు చవకగా అంటగడతారు. తీగ కొసను బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనిపించేది అదే.

కాబట్టి నా ఎంపిక ఇలా ఉంటుంది. రెండు పడకగదుల ఫ్లాటుకు రౌటర్‌ను మధ్యకు మార్చడం చాలు, ఏమీ కొనవద్దు. అద్దె ఇంటికి ఎక్స్‌టెండర్. ఒకే అంతస్తులో పొడవాటి ఇల్లు అయితే మెష్. శ్లాబు దాటాలంటే తీగ, మరో మాట లేదు.

టీవీ: మేడ మీది డిష్

మేడ మీద చేప ముల్లులాంటి యాంటెనా, దాన్ని తిప్పుతూ "ఇప్పుడు వచ్చిందా?" అని పైనుంచి కేక, "ఇంకొంచెం!" అని కిందనుంచి కేక, ఆ కాలం అయిపోయింది. దూరదర్శన్ 2022 నాటికి తన పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను దాదాపు అన్నింటినీ ఆపేసింది. ఆ యాంటెనా ఇంకా మీ పిట్టగోడకు ఉంటే దింపేయండి, గాలివానకు అది ప్రమాదం.

ఇప్పుడున్న దారులు నాలుగు. ఇంట్లో మంచి ఫైబర్ ఉంటే ఇంటర్నెట్ టీవీ. కేబుల్ బాగా నడిచే వీధిలో కేబుల్. నెలనెలా డబ్బు కట్టి కావలసిన చానెళ్లు చూడాలంటే డీటీహెచ్. నెల చందా లేకుండా చూడాలంటే డీడీ ఫ్రీ డిష్. డిష్, పెట్టె ఒకసారి కొనుక్కుంటే దానికి ఇక ఖర్చు లేదు. డీడీ యాదగిరి, డీడీ సప్తగిరి వస్తాయి. ప్రైవేటు తెలుగు చానెళ్ల కోసమే టీవీ చూసే ఇంటికి మాత్రం ఆ జాబితా చూసుకున్నాకే నిర్ణయించుకోమంటాను. పొలం దగ్గరి ఇంటికి, వార్తలూ పాత సినిమాలూ చూసే పెద్దవాళ్లకు అది చక్కగా సరిపోతుంది. పెట్టె కొనేటప్పుడు ఎంపెగ్-4 రకం అడగండి, పాత రకం పెట్టెలో కొన్ని చానెళ్లు రావు.

డిష్ దేన్ని చూస్తోందో తెలిస్తే సగం చిక్కులు మీరే విప్పుకోవచ్చు. ఫ్రీ డిష్ సిగ్నల్ 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశంలో, భూమధ్యరేఖకు పైన దాదాపు 35,800 కిలోమీటర్ల ఎత్తున ఉన్న జీశాట్-15 అనే ఉపగ్రహం నుంచి వస్తుంది. హైదరాబాదు నుంచి చూస్తే అది ఆగ్నేయంలో, నేల నుంచి దాదాపు 63 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. ఆగ్నేయం ఎటో మన ఇళ్లలో ఎవరినీ అడగనక్కరలేదు, వంటిల్లు ఎక్కడుందో చూస్తే చాలు. టాటా ప్లే వారిది 83 డిగ్రీల దగ్గర ఉంది కాబట్టి ఆ డిష్ ఇంకా దక్షిణానికి తిరిగి ఉంటుంది. ఎయిర్‌టెల్ వారిది 108 దాటి ఉంది కాబట్టి అది తూర్పుకు మొగ్గుతుంది. డిష్‌ను చూస్తే అంత పైకి చూస్తున్నట్టు ఉండదు, దాదాపు నిలువుగా కనిపిస్తుంది. ఆ పళ్లెం ఆకారమే అలాంటిది. పై నుంచి పడిన సిగ్నల్ కిందుగా ఉన్న చేతి చివరి పరికరం మీదికి వచ్చేలా దాన్ని మలుస్తారు. అందువల్ల డిష్ ఎదురుగా ఉన్న కొబ్బరిచెట్టు అడ్డమని కొట్టేసేముందు, అసలు చూపు ఆ చెట్టు పైనుంచి పోతోందేమో చూడండి.

కార్తీక మాసపు ముసురు వస్తే మా పై వాటాలో బొమ్మ ముక్కలు ముక్కలయ్యేది. కుండపోత వానలో పది నిమిషాలు బొమ్మ పోవడం సహజం. డిష్ వాడే తరంగాలను వాన చినుకులు పీల్చుకుంటాయి, దానికి మందు లేదు. మాది వాన వెలిశాక కూడా రెండు రోజులు అలాగే ఉండేది. చూడటానికి వచ్చినతను మొత్తం మార్చాలని చెప్పి, పెద్ద మొత్తం అడిగాడు. ఆయన వెళ్లాక నేను డిష్ దగ్గర కేబుల్ మరను విప్పి చూశాను. లోపల రాగి తీగ కొస పచ్చగా చిలుము పట్టి ఉంది. విదిలిస్తే నీటి చుక్క రాలింది. కేబుల్ పైనుంచి నేరుగా మరలోకి దిగుతోంది, వాన నీరు దాని వెంటే లోపలికి పోతోంది. ఆ కొసను రెండంగుళాలు కోసి, కొత్త మర బిగించి, కేబుల్‌ను ముందు కిందికి వేలాడేలా వంచి తర్వాత పైకి తిప్పాను. ఇప్పుడు నీరు ఆ వంపు దగ్గరే కిందికి కారిపోతుంది. పైన రబ్బరు టేపు చుట్టాను. ఖర్చు వంద రూపాయలు కాలేదు. విశాఖ, మచిలీపట్నం, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఈ మరను ఏడాదికి ఒకసారి విప్పి చూసుకోవడం మంచిది. డిష్ నిలబెట్టిన గొట్టం నిటారుగా ఉందో లేదో తాపీమేస్త్రీ తూకపు గుండుతో ఒకసారి సరిచూస్తే, చూపు పక్కకు జరిగిందో లేదో తెలిసిపోతుంది.

రేడియో

ఇది చిన్న సంగతి, కానీ మామయ్యగారికి పెద్దది. ఆకాశవాణి హైదరాబాద్ 738 కిలోహెర్ట్జ్ లాంటి మీడియం వేవ్ స్టేషన్ల కోసం రేడియో లోపల ఒక చిన్న కడ్డీ యాంటెనా ఉంటుంది. బయటికి లాగే పుల్లకూ దానికీ సంబంధం లేదు. మీడియం వేవ్ కోసం పుల్ల లాగకండి, రేడియోనే నెమ్మదిగా గుండ్రంగా తిప్పండి. ఒక దిక్కున గొంతు తేటపడుతుంది. చవక ఎల్ఈడీ బల్బు, ఫోను చార్జరు ఆపి చూడండి, బర్రుమనే చప్పుడు అక్కడినుంచే వస్తుండవచ్చు. ఎఫ్ఎం అయితే పుల్లను దాదాపు ముప్పావు మీటరు లాగి కిటికీ దగ్గర పెట్టాలి.

టవర్ భయం గురించి

సిగ్నల్ బాగుండాలని అడుగుతూనే టవర్ వద్దని అర్జీలు పెట్టే కాలనీలు ఉన్నాయి. వాళ్ల భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. తెలుసుకోవలసింది ఇది: అంతర్జాతీయంగా సూచించిన హద్దులో పదో వంతునే మన దేశం 2012 సెప్టెంబరు నుంచి టవర్లకు హద్దుగా పెట్టింది. మీ దగ్గరి టవర్ వివరాలు టెలికాం శాఖ వారి తరంగ్ సంచార్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. సిగ్నల్ బలహీనంగా ఉన్న గదిలో ఫోను టవర్‌ను అందుకోవడానికి తన శక్తినంతా వెచ్చించి గట్టిగా ప్రసారం చేస్తుంది. చెవి దగ్గర వేడెక్కడానికి, బ్యాటరీ త్వరగా అయిపోవడానికి అదొక కారణం. సిగ్నల్ బాగున్న చోట అదే ఫోను నెమ్మదిగా మాట్లాడుతుంది.

కొత్త ఇల్లు కడుతున్నవారికి

మీకున్న అవకాశం మాకు లేదు, అందుకే కాస్త గట్టిగా చెబుతున్నాను. శ్లాబు పోసే ముందు రోజు కరెంటు పైపులు వేసేవారు మేడ మీదే ఉంటారు. వారిచేత కరెంటు పైపులకు దూరంగా ఒక అంగుళం పైపు విడిగా వేయించండి: మేడ మీది నుంచి ప్రతి వాటా నడవాలోకి, నడవా నుంచి హాల్లో టీవీ గోడకు, వెనక పడకగదికి. నడవాలో తలెత్తున, పైపు తేలే చోట ఒక ప్లగ్గు పాయింటు కూడా పెట్టించండి, యాక్సెస్ పాయింట్‌కు కరెంటు కావాలి. పైపు వంపులు మెల్లగా తిరగాలి. మడత పడితే ఫైబర్ తీగ విరిగిపోతుంది. పైపు లోపల ఒక బైండింగ్ వైరు ముందే దూర్చి ఉంచమనండి, పదేళ్ల తర్వాత ఏ తీగ లాగాలన్నా దానికి కట్టి లాగవచ్చు. రెండు చివర్లూ కాగితం ఉండతో బిగించి, పైన టేపు చుట్టించండి. లేకపోతే కాంక్రీటు పాలు లోపలికి దిగి, గట్టిపడి, పైపు మూసుకుపోతుంది. ఆ ఉండ బిగించేవరకు మీరు మేడ మీదే నిలబడి చూసుకోండి.